తాకితే ప్రాణం పోయే ఆట: 1990 నాటి ‘సిల్వర్ సర్ఫర్’ సమీక్ష

టీవీకి తగిలించి ఆడే పాతకాలపు ఆటల యంత్రం నింటెండో ఎన్‌ఈఎస్ మీద వచ్చిన ఆటల్లో అన్నింటికన్నా కష్టమైనది ఏది అన్న చర్చ ఎక్కడ మొదలైనా, నాలుగు మాటలు దాటకముందే ‘సిల్వర్ సర్ఫర్’ పేరు వినిపిస్తుంది. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌కు చెందిన సాఫ్ట్‌వేర్ క్రియేషన్స్ అనే సంస్థ తయారుచేసిన ఈ షూటింగ్ ఆటను ఆర్కేడియా సిస్టమ్స్ 1990లో అమెరికాలో విడుదల చేసింది. చాలా ఏళ్ల కిందట మొదటిసారి ఆడినప్పుడు, ఒక్క లెవెల్ కూడా పూర్తిచేయలేక, ఇది ఆడదగిన ఆట కాదని తేల్చుకుని వదిలేశాను. ఆ తీర్పు తొందరపాటుదని ఇప్పుడు అనిపిస్తోంది. రెండు నెలలుగా దాదాపు రోజూ ఒక గంట దీనికోసం పక్కన పెట్టి ఆడిన తరువాత, దీని కష్టంలో కొంత న్యాయమైనదనీ, కొంత మాత్రం తయారీలో మిగిలిపోయిన లోపమనీ తెలిసివచ్చింది. రెంటినీ ఒకే మూటగా కట్టి ‘మహా కష్టం’ అనేస్తే ఆటకూ అన్యాయం జరుగుతుంది, కొత్తగా ఆడబోయేవారికీ ఉపయోగం ఉండదు.

ముందు ఈ ఆటకు పేరిచ్చిన కామిక్ పాత్ర సంగతి కొంచెం చెప్పాలి. జాక్ కర్బీ ఊహలో పుట్టిన సిల్వర్ సర్ఫర్ 1966లో మార్వెల్ వారి ‘ఫెంటాస్టిక్ ఫోర్’ 48వ సంచికలో తొలిసారి కనిపించాడు. జెన్-లా గ్రహానికి చెందిన నోరిన్ రాడ్, గ్రహాలను కబళించి బతికే గెలాక్టస్ బారి నుంచి తన లోకాన్ని కాపాడుకోవడానికి, ఆ గెలాక్టస్‌కే సేవకుడిగా ఉండడానికి ఒప్పుకుంటాడు. బదులుగా అతనికి విశ్వశక్తి, వెండిలా మెరిసే శరీరం, మీద నిలబడి నక్షత్రాల మధ్య దూసుకుపోయే బోర్డు దక్కుతాయి. కామిక్స్‌లో అతడు అగ్నిగోళాల్లోంచి చెక్కుచెదరకుండా బయటకు వస్తాడు. ఆటలో మాత్రం ఎదురుగా ఉన్న గోడకు బోర్డు కొస తగిలినా ప్రాణం పోతుంది. పాత్రను ప్రేమించి ఈ ఆట దగ్గరికి వచ్చినవారికి మొదటి దెబ్బ ఇక్కడే తగులుతుంది. షూటింగ్ ఆట అనే మూసలోకి ఈ పాత్రను దించాలని నిర్ణయించుకున్నవారు, అతని బలాన్ని ఏ రూపంలో చూపించాలన్న ప్రశ్నను పూర్తిగా ఆలోచించలేదని నా అభిప్రాయం. కొంత దెబ్బను కాచుకోగల శక్తి అతనికి ఇచ్చి ఉంటే కథకూ, ఆటకూ పొంతన కుదిరేది.

ఆట మొదలుకాగానే అయిదు లెవెళ్లు మన ముందు ఉంటాయి. పొసెసర్, మెఫిస్టో, ఫైర్‌లార్డ్, స్క్రల్ చక్రవర్తి వంటి అయిదుగురు ప్రత్యర్థుల్లో ఎవరితో మొదలుపెట్టాలో మనమే ఎంచుకోవచ్చు. ఆ అయిదూ ముగిసిన తరువాత చివరి పోరు ఉంటుంది. ప్రతి లెవెల్ కొన్ని భాగాలుగా విడిపోయి ఉంటుంది. కొన్ని భాగాల్లో సర్ఫర్‌ను పక్కనుంచి చూస్తూ కుడివైపు సాగుతాం, మరికొన్నింటిలో పైనుంచి చూస్తూ పైకి సాగుతాం. తెర తనంతట తానే కదులుతూ ఉంటుంది కాబట్టి ఆగి ఆలోచించుకునే వీలు ఉండదు. దారిలో దొరికే గుర్తులను పట్టుకుంటే మన కాల్పుల బలం పెరుగుతుంది. చిన్న వెండి గోళాలు పక్కన చేరి మనతో పాటు కాలుస్తాయి. తెర మీది శత్రువులను ఒక్కసారిగా తుడిచిపెట్టే బాంబులు కూడా దొరుకుతాయి. ఒక్క దెబ్బకు ఒక లైఫ్ పోతుంది. పోగుచేసుకున్న బలం కూడా దానితోనే పోతుంది.

ఈ నియమాలు చదివితే ఇందులో కొత్తేమీ కనిపించదు. 1985లో కొనామి తెచ్చిన ‘గ్రేడియస్’ అనే షూటింగ్ ఆటలో కూడా ఒక్క దెబ్బకే మన అంతరిక్ష ఓడ పేలిపోతుంది, కొండ తగిలినా పేలిపోతుంది, అప్పటిదాకా కూడబెట్టిన ఆయుధాలన్నీ పోతాయి. అయినా ‘గ్రేడియస్’ గురించి గౌరవంగా మాట్లాడుకుంటారు, ‘సిల్వర్ సర్ఫర్’ గురించి విసుగ్గా మాట్లాడుకుంటారు. ఈ తేడా ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్నకు జవాబు వెతుక్కోవడానికే నేను ఈ రెండు ఆటలనూ ఒకదాని తరువాత ఒకటి ఆడి చూశాను. దొరికిన జవాబు నియమాల్లో లేదు, బొమ్మల్లో ఉంది.

‘గ్రేడియస్’లో మన ఓడ సన్నగా, పొడుగ్గా, నేలకు సమాంతరంగా ఉంటుంది. రెండు గుండ్ల మధ్య సందులోంచి దూరిపోవచ్చునా లేదా అన్నది కంటితో అంచనా వేయగలం. సర్ఫర్ అలా ఉండడు. పక్కనుంచి చూసే భాగాల్లో అతడు బోర్డు మీద నిలబడి ఉంటాడు. బోర్డు అడ్డంగా ముందుకూ వెనక్కూ చాచుకుని ఉంటుంది, దాని మీద మనిషి నిలువుగా ఉంటాడు. అంటే వెడల్పులో బోర్డంత, ఎత్తులో మనిషంత ఉన్న ఆకారాన్ని మనం ఇరుకు దారుల గుండా నడిపించాలి. తల పైన ఎంత ఖాళీ ఉందో చూసుకుంటే బోర్డు మొన మరుగున పడుతుంది, మొనను కాచుకుంటే తోక ఏ స్తంభానికో తగులుతుంది. చూడడానికి అందమైన బొమ్మే. కామిక్ పుటల్లోంచి లేచి వచ్చినట్టు ఉంటుంది కూడా. షూటింగ్ ఆటకు కావలసిన ఆకారం మాత్రం అది కాదు.

ఇంతకన్నా పెద్ద లోపం నేపథ్యాల్లో ఉంది. తయారీదారులు ఎన్‌ఈఎస్ చూపగల కొద్దిపాటి రంగులతోనే వివరాలు కిక్కిరిసిన దృశ్యాలు గీశారు; ఇటుకలు, శిలలు, స్తంభాలు నీడలతో సహా కనిపిస్తాయి. వీటిలో కొన్ని కేవలం అలంకారం, వాటి మీదుగా సర్ఫర్ హాయిగా వెళ్లిపోతాడు. మిగిలినవి నిజమైన గోడలు, తాకితే చావే. రెంటికీ తేడా తెలిపే గుర్తు చాలాచోట్ల లేదు. ఒక చోటు నాకు బాగా గుర్తుండిపోయింది. కిందినుంచి ఒక స్తంభం లేస్తుంది, పైనుంచి దాదాపు అదే రంగులో ఇంకొక నిర్మాణం వేలాడుతుంది, మధ్యలో సర్ఫర్ పట్టేంత సందు ఉంటుంది. పైది వెనకనున్న బొమ్మ అనుకుని మొదటిసారి దాని మీదుగా పోనిచ్చాను, చనిపోయాను. రెండోసారి సందులోకి తిప్పాను. ముందుభాగం దాటింది, తోక స్తంభం అంచుకు తగిలి మళ్లీ చనిపోయాను. మూడోసారి సందులోకి సరిగ్గా వెళ్లాక, ఎదురుగా వస్తున్న శత్రువును తప్పించుకోవడానికి బొటనవేలు అలవాటు కొద్దీ పైకి కదిలింది. అక్కడ ఏ వైపు తిరగాలో తెలియడానికి ముందు, ఏది గోడో తెలియడానికే నాకు మూడు లైఫులు ఖర్చయ్యాయి. చేతిలో నేర్పు లేక చనిపోయినప్పుడు మళ్లీ ప్రయత్నించాలనిపిస్తుంది. తెర చెప్పవలసినది చెప్పకపోవడం వల్ల చనిపోయినప్పుడు మనసు విరిగిపోతుంది. ఈ ఆటకు వచ్చిన చెడ్డపేరులో ఎక్కువ భాగం ఈ రెండో రకం చావుల నుంచే వచ్చిందని నా నమ్మకం.

దీనికి తోడు యంత్రం పరిమితి ఒకటుంది. ఎన్‌ఈఎస్ తెర మీద ఒకే అడ్డగీతలో ఎనిమిదికి మించి స్ప్రైట్లను, అంటే కదిలే బొమ్మల ముక్కలను, చూపలేదు. శత్రువులు, గుండ్లు ఒకే వరుసలోకి చేరినప్పుడు కొన్ని రెప్పపాటు మాయమై మళ్లీ కనిపిస్తాయి. ఆ కాలపు ఆటలన్నింటికీ ఉన్న ఇబ్బందే ఇది, దీన్ని ఒక్క ఈ ఆట మీద మోపడం సరికాదు. ప్రతి అంగుళమూ లెక్కే అయిన ఇలాంటి ఆటలో ఆ మినుకుమినుకు ఎక్కువ ఖరీదు పడుతుందన్నది మాత్రం నిజం.

కాల్పుల సంగతి చెప్పకపోతే ఈ సమీక్ష అసంపూర్ణమవుతుంది. బటన్ నొక్కి పట్టుకుంటే గుండ్లు వరుసగా రావు. ఒక్కో గుండుకు ఒక్కోసారి నొక్కాలి. శత్రువులు గుంపులుగా వస్తారు, వారిలో కొందరు ఒక్క గుండుకు చావరు, కాబట్టి ఆడినంతసేపూ బొటనవేలు ఆగకుండా కొట్టుకుంటూనే ఉండాలి. నలభై నిమిషాలు దాటేసరికి నా వేలి కీలు నొప్పి పుట్టి, ఆ నొప్పి వల్లనే తప్పులు చేయడం మొదలవుతుంది. దీన్ని నేర్పుకు పరీక్ష అని నేను ఒప్పుకోలేను. బటన్ నొక్కి పట్టుకుంటే చాలు, తనంతట తానే పదేపదే నొక్కినట్టు పనిచేసే టర్బో సౌకర్యం ఉన్న కంట్రోలర్ వాడడం మోసమని కొందరు అంటారు కాని, నింటెండో సంస్థే 1987లో ‘ఎన్‌ఈఎస్ అడ్వాంటేజ్’ అనే జాయ్‌స్టిక్‌ను టర్బో బటన్లతో అమ్మింది. ఈ ఆట విడుదలైన నాటికే ఆ పరికరం దుకాణాల్లో ఉంది. నేను మొదటి వారం మామూలు కంట్రోలర్‌తో ఆడి, తరువాత టర్బోకు మారాను. మారిన రోజునుంచే నా కళ్లు వేలిని వదిలి తెర మీద నిలవడం మొదలుపెట్టాయి. కొత్తవారికి నా సలహా ఇదే: మొదటినుంచీ టర్బో పెట్టుకుని ఆడండి, అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

ఇంతవరకు చెప్పినవన్నీ లోపాలే కాబట్టి, న్యాయమైన కష్టం ఎక్కడుందో కూడా చెప్పాలి. గోడలేవో, బొమ్మలేవో ఒకసారి గుర్తుపట్టాక ఈ ఆట రూపమే మారిపోతుంది. శత్రువులు ప్రతిసారీ అదే చోటునుంచి, అదే వరుసలో వస్తారు. ఏ గుంపు ఎటునుంచి రాబోతుందో మనసులో నాటుకున్నాక, వారు తెర మీదికి రాకముందే మనం సరైన చోట నిలబడి ఉండగలం. మొదటి వారంలో గుడ్డిగా కొట్టుకుపోయిన ఒక భాగాన్ని నాలుగో వారంలో ఒక్క లైఫ్ కూడా పోకుండా దాటినప్పుడు కలిగిన తృప్తి, నేను ఈ మధ్య ఆడిన ఏ పెద్ద ఆటలోనూ దొరకలేదు. పక్కనుంచి చూసే భాగాల కన్నా పైనుంచి చూసే భాగాల్లో ఈ న్యాయం ఎక్కువగా కనిపిస్తుంది. అక్కడ సర్ఫర్ ఆకారం తేలిగ్గా అర్థమవుతుంది, అటూ ఇటూ ఎంత చోటు ఉందో అంచనా దొరుకుతుంది. ఆట మొత్తం ఆ కోణంలోనే ఉండి ఉంటే దీని పేరు ఇంకోలా నిలిచేదేమోనని అనిపిస్తుంది.

లెవెళ్లను మన ఇష్టం వచ్చిన వరుసలో ఎంచుకునే ఏర్పాటు కూడా మేలే చేసింది. ఒకచోట చిక్కుకుపోతే ఇంకొకచోటికి వెళ్లి చూడవచ్చు, అయిదింటినీ కొంచెం కొంచెంగా పరిచయం చేసుకోవచ్చు. సాధించినదాన్ని నిలుపుకోవడానికి పాస్‌వర్డ్ సౌకర్యం ఉంది, దాన్ని కాగితం మీద రాసుకోవడం మరచిపోకూడదు. లెవెల్ చివరన వచ్చే ప్రత్యర్థుల విషయంలో మాత్రం నాకు నిరాశే మిగిలింది. అంత చెమటోడ్చి చేరుకున్నాక ఎదురయ్యే ఆ పోరు, దారిలో పడ్డ పాట్లతో పోలిస్తే తేలిపోతుంది.

ఇక సంగీతం. ఈ ఆటను నేను మళ్లీ పట్టుకోవడానికి అసలు కారణం ఇదే. టిమ్ ఫాలిన్, జెఫ్ ఫాలిన్ అనే అన్నదమ్ములు దీనికి సంగీతం కూర్చారు. అదే 1990లో, అదే సంస్థ తయారుచేసిన ‘సోల్‌స్టిస్’ ఆట మొదట్లో వచ్చే బాణీ కూడా టిమ్ ఫాలిన్‌దే. పాత ఆటల సంగీతం వినేవారికి ఆయన పేరు కొత్త కాదు. ఎన్‌ఈఎస్ ధ్వని విభాగంలో ఉన్నవి అయిదు దారులు మాత్రమే: రాగం పలికించడానికి రెండు పల్స్ చానెళ్లు, కింది స్థాయి స్వరానికి ఒక ట్రయాంగిల్ చానెల్, తాళానికి ఒక నాయిస్ చానెల్, రికార్డు చేసిన చిన్న ధ్వని ముక్కలకు ఇంకొకటి. ఒక్కో చానెల్ ఒక సమయంలో ఒక్క స్వరాన్నే పలకగలదు. మూడు నాలుగు స్వరాలు కలిసి మోగిన భ్రమ కలిగించాలంటే, ఆ స్వరాలను ఒకదాని వెనక ఒకటి చెవి పట్టుకోలేనంత వేగంగా మార్చాలి. తన తొలి రోజుల్లో జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ కంప్యూటర్‌లోని ఒకే ఒక బీపర్‌తో, అంటే కీచుమనే చిన్న స్పీకర్‌తో, బహుస్వర సంగీతం రాబట్టిన టిమ్ ఫాలిన్‌కు ఈ విద్య కొట్టిన పిండి.

మొదటి రకం లెవెల్ బాణీని హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఆట ఆడకుండా, కళ్లు మూసుకుని వినండి. కింద ట్రయాంగిల్ చానెల్ పరుగు తీస్తూనే ఉంటుంది. దాని మీద ఒక పల్స్ చానెల్ రాగాన్ని సాగదీస్తూ, స్వరాన్ని గిటార్ తీగ లాగినట్టు వంచుతుంది. ఆ రాగం నీడలాగా రెండో చానెల్ కొంచెం ఆలస్యంగా, కొంచెం మెత్తగా వెంట వస్తుంది. దానివల్ల పెద్ద మందిరంలో ప్రతిధ్వని విన్నట్టు ఉంటుంది. ఉన్నది చిన్న చిప్, వినిపించేది ఒక పూర్తి రాక్ బృందం. స్వరం ఎక్కడ వంగాలో, ఎక్కడ వణకాలో, ఎక్కడ ఒక్క క్షణం ఊపిరి బిగబట్టాలో అంతా లెక్కగా అమర్చిన పని అది. ఇరవై సార్లు ఒకే చోట చనిపోయి కూడా ఇరవై ఒకటోసారి మొదలుపెట్టడానికి నాకు సహాయపడింది ఈ బాణీయే. సంగీతం మామూలుగా ఉండి ఉంటే ఈ ఆటను ముప్ఫై అయిదేళ్ల తరువాత ఇంతమంది గుర్తు పెట్టుకునేవారు కాదని నేను గట్టిగా చెప్పగలను.

కామిక్ హీరోల మీద వచ్చిన మరో కష్టమైన ఆటతో పోల్చి చూడడం ఇక్కడ అవసరం. సన్‌సాఫ్ట్ సంస్థ 1989 నాటి సినిమా ఆధారంగా ఎన్‌ఈఎస్ కోసం చేసిన ‘బ్యాట్‌మాన్’ కూడా చెమటలు పట్టించే ఆటే. దానిలో గోడను తన్ని ఎదురు గోడకు ఎగిరే విద్య ఒకటి ఉంటుంది, దాన్ని వంటబట్టించుకోవడానికే రోజులు పడుతుంది. కాని అక్కడ బ్యాట్‌మాన్ ఎక్కడ అడుగు పెట్టగలడో, ఏది తగిలితే దెబ్బో తెర మీద స్పష్టంగా కనిపిస్తుంది. పొరపాటు జరిగితే కొంచెం శక్తి తగ్గుతుంది తప్ప వెంటనే ప్రాణం పోదు. పైగా గోడను తన్ని ఎగరడం ఆ పాత్రకు తగిన పని. పాత్ర స్వభావంలోంచే ఆట కష్టాన్ని పుట్టించడమంటే ఏమిటో అక్కడ కనిపిస్తుంది. సర్ఫర్‌కు ఆ అదృష్టం దక్కలేదు; బోర్డు మీద నిలబడ్డ మనిషిని తీసేసి ఏ ఓడ బొమ్మ పెట్టినా ఈ ఆట నియమాలు ఇలాగే ఉండేవి, బహుశా ఇంకొంచెం తేలికయ్యేది కూడా.

ఈ రోజుల్లో దీన్ని ఆడాలనుకునేవారు ఒక్క సాంకేతిక విషయం గమనించాలి. ఎన్‌ఈఎస్ సెకనుకు దాదాపు అరవై సార్లు తెరను మారుస్తుంది, అంటే ఒక్కో చిత్రం సుమారు పదహారు మిల్లీసెకన్లు నిలుస్తుంది. కొన్ని కొత్త టీవీలు బొమ్మను మెరుగుపరిచే పనిలో నాలుగైదు చిత్రాలంత ఆలస్యం చేస్తాయి. వేరే ఆటల్లో పట్టించుకోకపోయినా ఫరవాలేదు కాని, ఇక్కడ ఆ ఆలస్యం నేరుగా చావుగా మారుతుంది. టీవీలో గేమ్ మోడ్ పెట్టుకోండి; వీలైతే పాతకాలపు పిక్చర్ ట్యూబ్ టీవీ మీద ఆడండి. పాత టీవీ మీద రంగులు ఒకదానిలోకి ఒకటి కొంచెం ఒదిగి బొమ్మలు మరింత అందంగా కనిపిస్తాయి కూడా.

ఎమ్యులేటర్‌లో, అంటే పాత యంత్రాన్ని కంప్యూటర్ మీద అనుకరించే ప్రోగ్రామ్‌లో, ఆటను ఏ క్షణంలోనైనా భద్రపరిచే సేవ్ స్టేట్ వాడాలా వద్దా అన్నది ఇంకో ప్రశ్న. ప్రతి రెండు సెకన్లకూ ఒకసారి సేవ్ చేసుకుంటూ చివరిదాకా పాకితే ఆట ముగిసినట్టే ఉంటుంది, చేతికి మాత్రం ఏమీ రాదు. నేను చేసింది వేరు. ఒక్కో భాగం మొదట్లో ఒక్కసారి సేవ్ చేసుకుని, ఆ భాగాన్ని వరుసగా మూడుసార్లు చావకుండా దాటేవరకు అక్కడే సాధన చేశాను. సంగీత విద్యార్థి కష్టమైన సంగతిని విడదీసి పదేపదే పాడుకున్నట్టు ఉంటుంది ఇది. ఆ తరువాత సేవ్ స్టేట్ పక్కన పెట్టి లెవెల్ మొదటినుంచి ఆడితే, గోడలు ఏవన్న గందరగోళం పోయి, ఆటలోని అసలు పోటీ మిగులుతుంది. తయారీదారులు తెర మీద రాయని గుర్తులను మనమే మనసులో రాసుకోవడానికి ఇంతకన్నా మంచి మార్గం నాకు తోచలేదు.

షూటింగ్ ఆటలు అలవాటు లేనివారు దీనితో మొదలుపెట్టవద్దు. ముందు ‘గ్రేడియస్’ లాంటిదాని మీద చేయి తిప్పుకుని రావాలి. కామిక్ పాత్ర మీద అభిమానంతో వచ్చేవారు, ఇందులో నోరిన్ రాడ్ బాధ గాని, గంభీరత గాని వెతుక్కోవద్దు, అవి ఇక్కడ దొరకవు. పాత చిప్ సంగీతం అంటే ప్రాణం పెట్టేవారు మాత్రం ఆట గెలవాలన్న పట్టింపు లేకుండా అయినా ఒక్కసారి మొదలుపెట్టి తీరాలి. ఆటగా చూస్తే పదికి అయిదు ఇస్తాను, అందులో ఒకటి నాలుగో వారంలో దొరికిన ఆ తృప్తికి. సంగీతానికి పదికి పది ఇవ్వడంలో నాకు ఏ సందేహమూ లేదు.

ప్రస్తుతం అయిదు లెవెళ్లలో నాలుగు పూర్తిచేశాను. అయిదోది మెఫిస్టోది; దానిలో ఒక ఇరుకైన మలుపు దగ్గర బోర్డు తోక ఇంకా తగులుతూనే ఉంది. ఆ మలుపు వచ్చేలోపు సర్ఫర్‌ను ఎంత పైకి తెచ్చుకోవాలో నిన్న రాత్రి అంచనా దొరికింది, ఈ రాత్రి టర్బో వేగం కొంచెం తగ్గించి ప్రయత్నిస్తాను.